శ్రీలంక ఇంధన రంగం: దిగుమతుల భారం నుంచి పునరుత్పాదక మార్గం వైపు

హిందూ మహాసముద్రంలో భారత్‌కు అతి సమీపాన ఉన్న ద్వీప దేశం శ్రీలంక. 65,610 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం, రెండు కోట్లకు పైబడిన జనాభా గల ఈ దేశంలో ముడి చమురు, సహజ వాయువు, బొగ్గు ఏవీ వాణిజ్య స్థాయిలో ఉత్పత్తి కావు. మన్నార్ సముద్ర ప్రాంతంలో కెయిర్న్ ఇండియా సంస్థ 2011లో సహజ వాయువు నిక్షేపాలను కనుగొన్నప్పటికీ అవి ఉత్పత్తి దశకు చేరుకోలేదు. వాహనాలకు పెట్రోలు, డీజిలు, వంటింటికి గ్యాసు, విద్యుత్ కేంద్రాలకు బొగ్గు అన్నీ ఓడల మీద రావలసినవే. వాటి వెల డాలర్లలో చెల్లించవలసినదే.

గడచిన కొన్నేళ్లలో ఈ దేశ ప్రజలు రెండు వేర్వేరు కారణాల వల్ల చీకటిలో గడిపారు. 2022 మార్చి నెలాఖరున రోజుకు 13 గంటల వరకు విద్యుత్ కోత విధించారు. ఇంధనం కొనడానికి ప్రభుత్వం వద్ద డాలర్లు లేకపోవడం అందుకు కారణం. 2025 ఫిబ్రవరి 9వ తేదీ ఆదివారం, ఎండ బాగా కాస్తున్న పట్టపగలు, దేశమంతటా విద్యుత్ సరఫరా ఒక్కసారిగా నిలిచిపోయింది. ఆ రోజు సౌర విద్యుత్తు కావలసినంత ఉంది. దానిని మోయగల స్థిరత్వం గ్రిడ్‌కు కొరవడింది. మొదటి సమస్య నుంచి బయటపడే ప్రయత్నంలో శ్రీలంక రెండవ సమస్యను ఎలా ఎదుర్కొంటున్నదో, అందులో భారత్ పాత్ర ఏమిటో ఈ వ్యాసం వివరిస్తుంది.

దిగుమతుల లెక్క

ఇటీవలి సంవత్సరాల్లో శ్రీలంక ఇంధన దిగుమతులకు ఏటా 400 కోట్ల డాలర్లకు పైగా వెచ్చిస్తోంది. దుస్తులు, తేయాకు, రబ్బరు వస్తువులు మొదలైన సరుకుల ఎగుమతి వల్ల లభించే ఆదాయంలో ఇది సుమారు మూడో వంతు. ప్రపంచ విపణిలో చమురు ధర పెరిగినప్పుడు ఈ వ్యయం కూడా పెరుగుతుంది. ఆ ధరను నిర్ణయించడంలో గాని, ప్రభావితం చేయడంలో గాని చిన్న దేశానికి పాత్ర ఉండదు. ఇతర వస్తువుల దిగుమతిని కొంతకాలం వాయిదా వేసుకోవచ్చు. బస్సులకు డీజిలును, ఆసుపత్రులకు విద్యుత్తును వాయిదా వేయడం సాధ్యం కాదు.

దిగుమతి అయ్యే పెట్రోలియంలో అధిక భాగం రవాణా రంగానికే పోతుంది. విద్యుత్ రంగంలో జలవిద్యుత్తు, బొగ్గు, ఇంధన చమురు, సౌర, పవన విద్యుత్తులు కలిసి పనిచేస్తాయి. గ్రామీణ గృహాల్లో వంటచెరకు ఇప్పటికీ ప్రధాన ఇంధనం. విద్యుదుత్పత్తి మొత్తాన్ని పునరుత్పాదక వనరులకు మార్చినా, రవాణా మారనంతవరకు చమురు దిగుమతులు కొనసాగుతాయని ఈ విభజన తెలియజేస్తుంది. ఇంధన విధానంపై జరిగే చర్చల్లో ఈ అంశం తరచుగా మరుగున పడుతుంది.

జలవిద్యుత్తు నుంచి బొగ్గు దాకా

శ్రీలంక ఇంధన చరిత్ర స్వదేశీ వనరుతోనే మొదలైంది. మధ్య పర్వత ప్రాంతపు జలపాతాల నుంచి విద్యుత్తు తీయవచ్చునని ఇంజనీరు డి.జె. విమలసురేంద్ర 1918లోనే ప్రతిపాదించారు. వలస పాలకుల కాలంలో ఆ ప్రతిపాదన నత్తనడక నడిచింది. దేశానికి స్వాతంత్ర్యం లభించిన తరువాత, 1950లో లక్షపాన జలవిద్యుత్ కేంద్రం పనిచేయడం ఆరంభించింది. 1969లో సిలోన్ విద్యుత్ బోర్డు ఏర్పాటైంది. 1980వ దశకంలో మహావేలి నది మీద కోత్మలే, విక్టోరియా, రందెనిగల జలాశయాలు నిర్మించారు. 1990వ దశకం మధ్య వరకు దేశపు విద్యుత్తు దాదాపు మొత్తం నీటి నుంచే వచ్చేది.

1996లో వానలు ముఖం చాటేశాయి. జలాశయాలు అడుగంటాయి. సుదీర్ఘమైన విద్యుత్ కోతలు తప్పలేదు. నీటి మీద మాత్రమే ఆధారపడరాదని గ్రహించిన ప్రభుత్వం, త్వరగా కట్టగలిగిన డీజిలు, ఫర్నెస్ ఆయిల్ కేంద్రాలను ప్రోత్సహించింది. ప్రైవేటు ఉత్పత్తిదారులకు ద్వారాలు తెరిచింది. కరవు భయాన్ని తప్పించుకునే క్రమంలో దేశం చమురు ధరల భయంలోకి అడుగుపెట్టింది. కొద్ది సంవత్సరాల్లోనే విద్యుత్తులో ఉష్ణ విద్యుత్ వాటా బాగా పెరిగింది. ఉత్పత్తి వ్యయం పెరిగినంతగా చార్జీలు పెరగకపోవడంతో విద్యుత్ బోర్డు అప్పుల్లో కూరుకుపోయింది.

చమురు కంటె చౌకైన ఇంధనం కోసం ప్రభుత్వం బొగ్గు వైపు చూసింది. పుత్తళం జిల్లా నొరోచ్చోలై వద్ద చైనా రుణంతో లక్విజయ విద్యుత్ కేంద్రం నిర్మించారు. 300 మెగావాట్ల చొప్పున మూడు యూనిట్లు గల ఈ కేంద్రంలో మొదటి యూనిట్ 2011లో ప్రారంభమైంది. 2014 నాటికి నిర్మాణం పూర్తయింది. దేశంలో ఉన్న ఏకైక బొగ్గు విద్యుత్ కేంద్రం ఇదే.

దీనికి ఏటా 20 లక్షల టన్నులకు పైగా బొగ్గు కావాలి. ఓడలు తీరానికి దూరంగా లంగరు వేస్తే, అక్కడి నుంచి బార్జిల ద్వారా బొగ్గును ఒడ్డుకు చేరుస్తారు. నైరుతి రుతుపవనాల కాలంలో సముద్రం అల్లకల్లోలంగా ఉండటం వల్ల ఈ పని సాగదు. సుమారు సెప్టెంబరు నుంచి ఏప్రిల్ వరకు లభించే వ్యవధిలోనే సంవత్సరానికి సరిపడా బొగ్గును దింపుకోవాలి. ఆ కొద్ది నెలల్లో డాలర్లు అందకపోతే, దాని ఫలితం తరువాతి నెలల విద్యుత్ సరఫరాపై పడుతుంది. దిగుమతులపై ఆధారపడటం వల్ల వచ్చే చిక్కు ధర వద్దనే ఆగదని, సకాలంలో చెల్లించగలగడం కూడా అంతే ముఖ్యమని ఈ ఒక్క ఉదాహరణ చాటుతుంది.

చమురు విపణి: జాతీయీకరణ, తరువాత పోటీ

పెట్రోలియం రంగం మొదట్లో షెల్, ఎస్సో, కాల్టెక్స్ వంటి విదేశీ సంస్థల చేతుల్లో ఉండేది. 1961లో చేసిన చట్టంతో సిలోన్ పెట్రోలియం కార్పొరేషన్ ఏర్పడింది. విదేశీ సంస్థల ఆస్తులను ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. నష్టపరిహారంపై తలెత్తిన వివాదం కారణంగా 1963లో అమెరికా తన సహాయాన్ని నిలిపివేసింది. 1969లో ఇరాన్ సహకారంతో కొలంబో సమీపాన సపుగస్కంద చమురుశుద్ధి కర్మాగారం ప్రారంభమైంది. నేటికీ దేశంలో ఉన్న చమురుశుద్ధి కర్మాగారం ఇదొక్కటే.

ఇరాన్‌తో ఈ బంధం మరో రూపంలోనూ కొనసాగింది. గతంలో కొనుగోలు చేసిన చమురుకు గాను బకాయి పడిన సుమారు 25 కోట్ల డాలర్లను తేయాకు రూపంలో తీర్చేందుకు 2021 డిసెంబరులో రెండు దేశాల మధ్య ఒప్పందం కుదిరింది. డాలర్లు అందుబాటులో లేని దేశం తన వద్ద ఉన్న సరుకుతోనే రుణం తీర్చుకునే ఏర్పాటు ఇది.

పెట్రోలియం కార్పొరేషన్ గుత్తాధిపత్యం ఈ శతాబ్దం ఆరంభంలో సడలింది. ఇండియన్ ఆయిల్ అనుబంధ సంస్థ లంక ఐఓసీ 2003లో చిల్లర వ్యాపారంలోకి ప్రవేశించింది. మరుసటి సంవత్సరం కొలంబో స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైంది. 2022 సంక్షోభం తరువాత మరిన్ని విదేశీ సంస్థలకు అవకాశం కల్పించారు. చైనాకు చెందిన సినోపెక్ 2023లో ఇంధన విక్రయాలు ప్రారంభించింది. సరఫరాదారులు తమ దిగుమతులకు కావలసిన డాలర్లను ఆరంభ కాలంలో తామే సమకూర్చుకోవాలన్నది ఈ విధానంలోని ముఖ్యాంశం. విదేశీ మారక ద్రవ్య ఒత్తిడిని పలువురికి పంచడమే దాని ఉద్దేశం.

డాలర్లు అడుగంటిన సంవత్సరం

2019లో ఈస్టర్ నాటి బాంబు దాడులు, ఆ తరువాత కోవిడ్ మహమ్మారి శ్రీలంక పర్యాటక రంగాన్ని కుదిపివేశాయి. 2019 చివర ప్రకటించిన పన్నుల తగ్గింపు ప్రభుత్వ ఆదాయాన్ని హరించింది. విదేశీ రుణ వాయిదాలు మాత్రం ఆగలేదు. 2021 నవంబరులో ముడి చమురు కొనుగోలుకు డాలర్లు లేక సపుగస్కంద కర్మాగారాన్ని మూసివేయవలసి వచ్చింది. రాబోయే విపత్తుకు అది తొలి సూచన.

2022 ఏప్రిల్ 12న విదేశీ రుణాల చెల్లింపును నిలిపివేస్తున్నట్లు ప్రభుత్వం ప్రకటించింది. వినియోగానికి అందుబాటులో ఉన్న విదేశీ మారక నిల్వలు 5 కోట్ల డాలర్ల కంటె తక్కువకు పడిపోయాయని మే నెల తొలి వారంలో ఆర్థిక మంత్రి అలీ సబ్రీ పార్లమెంటుకు తెలియజేశారు. ఇంధన ఓడలు తీరానికి వచ్చినా, చెల్లింపు జరిగేదాకా సరుకు దించని రోజులు వచ్చాయి. పెట్రోలు బంకుల ముందు ప్రజలు రాత్రింబవళ్లు వరుసల్లో నిలిచారు. జూన్ చివరి వారం నుంచి కొంతకాలం అత్యవసర సేవలకు మాత్రమే ఇంధనం విక్రయించారు. పాఠశాలలు మూతపడ్డాయి. పెట్రోలియం కార్పొరేషన్ నిల్వలు నిండుకున్న ఆ రోజుల్లో లంక ఐఓసీ బంకుల వద్ద పరిమితంగా ఇంధనం దొరికింది.

2021 డిసెంబరు చివరలో లీటరుకు 177 శ్రీలంక రూపాయలున్న సాధారణ పెట్రోలు ధర 2022 జూన్ చివరి నాటికి 470 రూపాయలకు చేరింది. ఆగస్టులో కిరోసిన్ ధరను లీటరుకు 87 రూపాయల నుంచి ఒకేసారి 340 రూపాయలకు పెంచారు. చిన్న పడవలతో వేటకు వెళ్లే మత్స్యకారులు ఎక్కువగా వాడేది కిరోసినే. వారికి ఒక్కరోజు వేటకు అయ్యే ఖర్చు, దొరికే చేపల విలువను మించిపోయే పరిస్థితి ఏర్పడింది.

ఆ జులైలో ప్రజాగ్రహం అధ్యక్ష భవనాన్ని తాకింది. అధ్యక్షుడు గోటబాయ రాజపక్స దేశం విడిచి వెళ్లి, జులై 14న రాజీనామా సమర్పించారు. అదే నెలలో క్యూఆర్ కోడ్ ఆధారిత జాతీయ ఇంధన పాస్ విధానం మొదలైంది. వారానికి ద్విచక్ర వాహనానికి 4 లీటర్లు, ఆటోకు 5 లీటర్లు, కారుకు 20 లీటర్ల చొప్పున పరిమితి విధించారు. కొరత తీరకపోయినా ఉన్నదానిని క్రమపద్ధతిలో పంచడం వల్ల వరుసలు తగ్గాయి. ఈ పరిమితులను 2023 సెప్టెంబరు 1 నుంచి ఎత్తివేశారు.

ఈ కాలంలో భారత్ సుమారు 400 కోట్ల డాలర్ల మేరకు వివిధ రూపాల్లో శ్రీలంకకు సహాయం అందించింది. పెట్రోలియం ఉత్పత్తుల కొనుగోలుకు ఎగ్జిమ్ బ్యాంకు ద్వారా 50 కోట్ల డాలర్ల రుణ సదుపాయాన్ని కల్పిస్తూ 2022 ఫిబ్రవరి 2న ఒప్పందం కుదిరింది. తరువాత దీనికి మరో 20 కోట్ల డాలర్లు జతచేశారు.

ధర ఎంత ఉండాలి, ఎవరు భరించాలి

అంతర్జాతీయ ద్రవ్య నిధి 2023 మార్చి 20న శ్రీలంకకు సుమారు 300 కోట్ల డాలర్ల నాలుగేళ్ల కార్యక్రమాన్ని ఆమోదించింది. ఇంధనం, విద్యుత్తుల ధరలు ఉత్పత్తి వ్యయానికి తగినట్లుగా ఉండాలన్నది ఇందులో కీలక షరతు. వ్యయం కంటె తక్కువకు విక్రయిస్తే ఆ నష్టం విద్యుత్ బోర్డు అప్పుగా, చివరికి ప్రభుత్వ రుణంగా మారుతుందన్నది దీని వెనుక ఉన్న వాదన.

విద్యుత్ చార్జీలను నిర్ణయించే అధికారం ప్రజా వినియోగ సేవల కమిషన్‌ది. 2002 నాటి చట్టంతో ఈ నియంత్రణ సంస్థ రూపొందింది. దాదాపు తొమ్మిదేళ్లపాటు పెరగని చార్జీలను 2022 ఆగస్టులో సగటున 75 శాతం, 2023 ఫిబ్రవరిలో 66 శాతం పెంచారు. అటుపై 2023 జులైలో 14.2 శాతం తగ్గించి, అక్టోబరులో 18 శాతం పెంచారు. 2024 మార్చిలో 21.9 శాతం, జులైలో 22.5 శాతం, 2025 జనవరిలో 20 శాతం తగ్గించారు. ఆదాయం మళ్లీ వ్యయం కంటె తక్కువకు చేరిన నేపథ్యంలో 2025 జూన్‌లో 15 శాతం పెంచారు.

ఈ హెచ్చుతగ్గులకు ఒక మూల కారణం వాన. జలాశయాలు నిండిన సంవత్సరంలో విద్యుత్తు చౌక. అటువంటి సంవత్సరంలో దేశపు విద్యుత్తులో సగం దాకా పునరుత్పాదక వనరుల నుంచే లభిస్తుంది. వానలు తగ్గితే ఖరీదైన చమురు కేంద్రాలను నడపాలి. ఏడాదికి పలుసార్లు చార్జీలను సవరించే విధానం ఈ వాస్తవాన్ని వినియోగదారుని బిల్లులోకి నేరుగా తీసుకువచ్చింది. సంస్థల లెక్కల దృష్ట్యా ఇది సరైనదే అయినా, సాధారణ కుటుంబాలకు భారమైంది. జీతాలు పెరగకుండానే బిల్లులు రెండు మూడింతలయ్యాయి. సకాలంలో చెల్లించలేని లక్షలాది వినియోగదారుల కనెక్షన్లు తొలగించారు. సంస్కరణల పట్ల ప్రజల్లో ఉన్న అసంతృప్తికి మూలం ఇక్కడే ఉంది.

పునరుత్పాదక లక్ష్యం

2030 నాటికి దేశపు విద్యుత్తులో 70 శాతం పునరుత్పాదక వనరుల నుంచి ఉత్పత్తి చేయాలన్నది శ్రీలంక ప్రకటించిన లక్ష్యం. కొత్తగా బొగ్గు విద్యుత్ కేంద్రాలు నిర్మించబోమని, 2050 నాటికి కర్బన తటస్థతను సాధిస్తామని కూడా ప్రకటించింది. పర్యావరణ పరిరక్షణ ఎంత ముఖ్యమో, విదేశీ మారక ద్రవ్యాన్ని ఆదా చేయడం కూడా ఈ విధానానికి అంతే ముఖ్యమైన ప్రేరణ. సౌర ఫలకాలు, గాలిమరలు కూడా దిగుమతి అయ్యేవే. అయితే వాటికి ఒకసారి చెల్లిస్తే ఇరవై ఏళ్లపాటు ఎండకు, గాలికి వేరే వెల చెల్లించనక్కరలేదు.

ఇళ్ల పైకప్పులపై సౌర విద్యుదుత్పత్తిని ప్రోత్సహించేందుకు 2016 సెప్టెంబరులో 'సూర్య బల సంగ్రామయ' పథకం ప్రారంభించారు. గ్రిడ్‌కు అందించే ప్రతి యూనిట్‌కు తొలి ఏడేళ్లపాటు 22 రూపాయలు చెల్లిస్తామని ప్రభుత్వం హామీ ఇచ్చింది. 2022లో కోతలు, ఆ తరువాత పెరిగిన చార్జీలు మధ్యతరగతి కుటుంబాలను, సంస్థలను ఈ మార్గం వైపు మరింతగా మళ్లించాయి. పైకప్పు సౌర విద్యుత్ సామర్థ్యం 1,000 మెగావాట్లు దాటింది. సాయంత్రపు గరిష్ఠ డిమాండ్ 3,000 మెగావాట్లకు లోపే ఉన్న దేశానికి ఇది చిన్న సంఖ్య కాదు.

పవన విద్యుత్తుకు వాయవ్య తీరంలోని మన్నార్ అత్యంత అనుకూల ప్రాంతం. ఆసియా అభివృద్ధి బ్యాంకు రుణంతో 30 గాలిమరలు గల 103.5 మెగావాట్ల తంబపవని కేంద్రం 2020 చివరలో ప్రారంభమైంది. ఇదే ప్రాంతంలోనూ, పూనేరిన్‌లోనూ అదానీ గ్రీన్ ఎనర్జీ సంస్థ 484 మెగావాట్ల ప్రాజెక్టును తలపెట్టింది. 20 ఏళ్లపాటు యూనిట్‌కు 8.26 అమెరికన్ సెంట్ల ధర నిర్ణయమైంది. పోటీ టెండరు లేకుండా ప్రాజెక్టు అప్పగించారని, ధర ఎక్కువని విమర్శలు వచ్చాయి. 2024లో అధికారంలోకి వచ్చిన అధ్యక్షుడు అనుర కుమార దిసనాయకే ప్రభుత్వం ధరను పునఃపరిశీలించాలని నిర్ణయించింది. 2025 ఫిబ్రవరిలో సంస్థ ప్రాజెక్టు నుంచి వైదొలిగింది.

మన్నార్ వివాదంలో ధరతో పాటు ప్రకృతికి సంబంధించిన ప్రశ్న కూడా ఉంది. మధ్య ఆసియా నుంచి వలస వచ్చే పక్షులకు ఈ ద్వీపం విడిది. సమీపంలోని వంకాలై పక్షి సంరక్షణ కేంద్రానికి రామ్‌సర్ గుర్తింపు ఉంది. మత్స్యకారులు, స్థానిక నివాసులు గాలిమరల విస్తరణ తమ జీవనోపాధిని, వరద నీటి పారుదలను దెబ్బతీస్తుందని ఆందోళన వ్యక్తం చేస్తున్నారు. 2025 ఆగస్టులో నిరసనల నేపథ్యంలో ప్రభుత్వం పనులను తాత్కాలికంగా నిలిపివేసింది. స్వచ్ఛ ఇంధనం పేరిట చేపట్టే ప్రాజెక్టుకైనా స్థానికుల సమ్మతి అవసరమని మన్నార్ అనుభవం స్పష్టం చేసింది.

మధ్యాహ్నం మిగులు, సాయంత్రం కొరత

2025 ఫిబ్రవరి 9న ఉదయం 11.30 గంటల ప్రాంతంలో కొలంబోకు దక్షిణాన ఉన్న పనదుర గ్రిడ్ ఉపకేంద్రంలో అంతరాయం ఏర్పడింది. ఒక కోతి పరికరాలను తాకడమే కారణమని ఇంధన మంత్రి చెప్పడంతో ఆ వార్త ప్రపంచమంతటా వినోదంగా ప్రచారమైంది. అసలు ప్రశ్న వేరు. ఒక ఉపకేంద్రంలోని లోపం దేశమంతటినీ ఎందుకు చీకటిలోకి నెట్టింది?

విద్యుత్ గ్రిడ్ సెకనుకు 50 ఆవృత్తాల స్థిరమైన లయతో నడవాలి. జల, ఉష్ణ విద్యుత్ కేంద్రాల్లోని భారీ టర్బైన్లు తిరుగుతున్నప్పుడు వాటికి జడత్వం ఉంటుంది. ఎక్కడైనా హఠాత్తుగా లోపం తలెత్తితే, ఆ జడత్వం కొన్ని క్షణాలపాటు లయ తప్పకుండా కాపాడుతుంది. ఆలోగా రక్షణ వ్యవస్థలు పని చేస్తాయి. సాధారణ సౌర ఫలకాలకు ఈ గుణం లేదు. ఆదివారం కార్యాలయాలు, కర్మాగారాలు మూసి ఉండటంతో డిమాండ్ తక్కువ. ఎండ బాగా ఉండటంతో సౌర విద్యుత్తు ఎక్కువ. దానికి చోటు కల్పించేందుకు పెద్ద టర్బైన్లను తగ్గించి నడపడం వల్ల గ్రిడ్‌లో జడత్వం తగ్గింది. చిన్న కుదుపునైనా తట్టుకోలేక వ్యవస్థ మొత్తం కుప్పకూలింది. నొరోచ్చోలై కేంద్రం కూడా ఆగిపోయింది. దానిని తిరిగి పూర్తిస్థాయిలో నడపడానికి సమయం పట్టడంతో తరువాతి రోజుల్లో గంటన్నర చొప్పున కోతలు విధించారు.

రెండు నెలల తరువాత సింహళ, తమిళ నూతన సంవత్సర సెలవులు వచ్చాయి. ఆ రోజుల్లో డిమాండ్ బాగా పడిపోతుంది. ఏప్రిల్ 13 నుంచి 21 వరకు మధ్యాహ్నం 3 గంటల దాకా పైకప్పు సౌర వ్యవస్థలను ఆపివేయవలసిందిగా విద్యుత్ బోర్డు యజమానులను కోరింది. అప్పు చేసి సౌర ఫలకాలు అమర్చుకున్న కుటుంబాలకు ఇది మింగుడుపడలేదు. ప్రభుత్వ పిలుపునందుకొని పెట్టుబడి పెట్టినవారినే ఉత్పత్తి ఆపమనడం న్యాయమా అని వారు ప్రశ్నించారు. ఇంజనీర్ల దృష్టిలో మాత్రం దేశవ్యాప్త అంధకారాన్ని నివారించేందుకు ఆ రోజుల్లో మరో మార్గం లేదు.

సాయంత్రం 6.30 నుంచి రాత్రి 10.30 వరకు పరిస్థితి పూర్తిగా తారుమారవుతుంది. సూర్యుడు అస్తమించిన తరువాత ఇళ్లలో దీపాలు, ఫ్యాన్లు, వంట పరికరాలు ఒకేసారి వెలుగుతాయి. అప్పుడు ఖరీదైన డీజిలు, ఫర్నెస్ ఆయిల్ కేంద్రాలను నడపక తప్పదు. పగలు మిగిలిన విద్యుత్తును సాయంత్రానికి దాచుకోలేకపోతే, ఎన్ని సౌర ఫలకాలు అమర్చినా డాలర్ల వ్యయం ఆశించినంతగా తగ్గదు.

నిల్వ, అనుసంధానం

ఈ చిక్కుకు రెండు పరిష్కారాలు కనిపిస్తున్నాయి. మొదటిది నిల్వ. బ్యాటరీ నిల్వ కేంద్రాల ఏర్పాటుకు 2025లో టెండర్లు పిలిచారు. కేగాల్ జిల్లాలో 600 మెగావాట్ల మహా ఓయ పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టు ప్రణాళిక దశలో ఉంది. విద్యుత్తు మిగిలిన వేళ నీటిని పై జలాశయానికి ఎత్తిపోసి, అవసరమైన వేళ కిందికి వదిలి విద్యుత్తు తీయడం దీని సూత్రం. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 150 మెగావాట్ల చొప్పున ఉన్న ఆరు రివర్సిబుల్ టర్బైన్లు ఇదే సూత్రంపై రూపొందినవి. ఇటువంటి ప్రాజెక్టులకు పెట్టుబడి ఎక్కువ. నిర్మాణానికి ఏళ్లు పడుతుంది.

రెండవది పొరుగు దేశంతో గ్రిడ్ అనుసంధానం. భారత్, శ్రీలంకల మధ్య విద్యుత్ లైను ఆలోచన దశాబ్దాల నాటిది. 2025 ఏప్రిల్ 5న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ కొలంబో పర్యటన సందర్భంగా దీనిపై అవగాహన ఒప్పందం కుదిరింది. అధిక వోల్టేజీ డైరెక్ట్ కరెంట్ విధానంలో ఈ లైను నిర్మించాలన్నది ఉద్దేశం. 2013 నుంచి బంగ్లాదేశ్‌కు భారత్ ఇదే విధానంలో విద్యుత్తు సరఫరా చేస్తోంది. లైను పూర్తయితే శ్రీలంక మధ్యాహ్నపు మిగులును విక్రయించి, కొరత వేళల్లో కొనుగోలు చేయగలుగుతుంది. కొనుగోలు చేసే విద్యుత్తుకు కూడా విదేశీ మారక ద్రవ్యమే చెల్లించవలసి వస్తుందని, ఒకే పొరుగు దేశంపై ఆధారపడటం పెరుగుతుందని శ్రీలంకలో కొందరు హెచ్చరిస్తున్నారు.

అదే పర్యటనలో త్రింకోమలి సమీపాన సంపూర్ వద్ద 120 మెగావాట్ల సౌర విద్యుత్ ప్రాజెక్టు పనులను ఇరు దేశాల నేతలు ప్రారంభించారు. భారత్‌కు చెందిన ఎన్టీపీసీ, సిలోన్ విద్యుత్ బోర్డు సంయుక్తంగా చేపట్టిన ప్రాజెక్టు ఇది. ఇదే స్థలంలో ఇదే భాగస్వాములు తలపెట్టిన 500 మెగావాట్ల బొగ్గు కేంద్రాన్ని 2016లో రద్దు చేశారు. ఉత్తరాన ఉన్న నెడుంతీవు, నైనాతీవు, అనలైతీవు అనే మూడు చిన్న దీవుల్లో సౌర, పవన, బ్యాటరీ, డీజిలు వ్యవస్థలను కలిపిన ప్రాజెక్టుకు భారత్ గ్రాంటు అందిస్తోంది. మొదట చైనా సంస్థకు దక్కిన ఈ పని, భద్రతా కారణాలతో భారత్ అభ్యంతరం తెలిపిన తరువాత చేతులు మారింది. శ్రీలంక ఇంధన నిర్ణయాల్లో పెద్ద దేశాల పోటీ ఎంతగా ప్రవేశించిందో ఈ ఉదంతం సూచిస్తుంది.

త్రింకోమలి చమురు ట్యాంకుల కథ కూడా ఇటువంటిదే. బ్రిటిష్ వారు నిర్మించిన ఈ నిల్వ కేంద్రాన్ని భారత్, శ్రీలంక ఉమ్మడిగా పునరుద్ధరించాలన్న అంశం 1987 నాటి రాజీవ్ గాంధీ, జయవర్ధనే ఒప్పందానికి అనుబంధంగా మార్చుకున్న లేఖల్లోనే ఉంది. 2022 జనవరిలో గాని స్పష్టమైన ఏర్పాటు కుదరలేదు. దాని ప్రకారం 99 ట్యాంకుల్లో 14 లంక ఐఓసీ వద్ద, 24 పెట్రోలియం కార్పొరేషన్ వద్ద ఉంటాయి. మిగిలిన 61 ట్యాంకులను కార్పొరేషన్‌కు 51 శాతం, లంక ఐఓసీకి 49 శాతం వాటా గల సంయుక్త సంస్థ అభివృద్ధి చేస్తుంది. త్రింకోమలిని ఇంధన కేంద్రంగా తీర్చిదిద్దేందుకు 2025 ఏప్రిల్‌లో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ కూడా భాగస్వామిగా చేరింది.

సంస్థాగత మార్పు, ముందున్న కాలం

ఉత్పత్తి, ప్రసారం, పంపిణీ అన్నింటినీ దశాబ్దాలుగా ఒకే సంస్థ నిర్వహించడం వల్ల నష్టం ఎక్కడ జరుగుతున్నదో తెలుసుకోవడం కష్టమైందన్న అభిప్రాయం ఉంది. విద్యుత్ బోర్డును విభజించేందుకు 2024లో కొత్త విద్యుత్ చట్టం చేశారు. ప్రభుత్వం మారిన తరువాత 2025లో దానికి సవరణలు తెచ్చారు. వ్యవస్థ నిర్వహణ, ఉత్పత్తి, ప్రసారం, పంపిణీ విధులను వేర్వేరు సంస్థలకు అప్పగిస్తూనే వాటిని ప్రభుత్వ యాజమాన్యంలో కొనసాగించడం ఈ సవరణల సారాంశం. ఉద్యోగ సంఘాలు విభజన పట్ల వ్యతిరేకత వ్యక్తం చేశాయి.

రవాణా రంగం మరో సవాలు. డాలర్ల ఆదా కోసం 2020లో నిలిపివేసిన వాహనాల దిగుమతిని 2025 ఫిబ్రవరిలో ప్రైవేటు వాహనాలకు కూడా తిరిగి అనుమతించారు. రహదారుల మీదికి వచ్చే కొత్త వాహనాలు పెట్రోలుతో నడిచేవైతే దిగుమతుల భారం పెరుగుతుంది. విద్యుత్తుతో నడిచేవై, వాటికి మధ్యాహ్న వేళ చార్జింగ్ సదుపాయం ఉంటే మిగులు సౌర విద్యుత్తుకు ఉపయోగం లభిస్తుంది. విద్యుత్ విధానం, రవాణా విధానం కలిసి నడవవలసిన అవసరం ఇక్కడ స్పష్టమవుతుంది.

సౌర, పవన సామర్థ్యం పెంచడంలో శ్రీలంక గణనీయమైన ప్రగతి సాధించింది. ఆ విద్యుత్తును నిల్వ చేయడం, గ్రిడ్‌ను పటిష్ఠం చేయడం అదే వేగంతో సాగలేదు. ఈ రెండింటి మధ్య అంతరం తగ్గినప్పుడే దిగుమతి బిల్లు తగ్గుతుంది, ప్రజలు భరించిన పెంపుదలకు ఫలితం దక్కుతుంది. ఆనాడు బంకుల ముందు రాత్రంతా నిలిచిన ఆటో డ్రైవర్లు, వేటకు వెళ్లలేక పడవలు ఒడ్డున కట్టేసిన మత్స్యకారులు, అప్పు చేసి పైకప్పు మీద సౌర ఫలకాలు అమర్చుకున్న కుటుంబాలు ఈ విధానాన్ని మెగావాట్ల లెక్కతో కొలవరు. రాత్రి వేళ దీపం ఆరకుండా ఉందా, నెలాఖరు బిల్లు కట్టగలిగే స్థితిలో ఉందా అన్నవే వారి కొలమానాలు.